‘ఆగలేను’ అంటే ఆగుతానని

ఆ రోజుల్లో మా ఇంట్లో ఇంగ్లీషు మీద సర్వాధికారాలూ నావే. డిగ్రీ అయ్యాక ఓ వేసవంతా కాకినాడలో ఉండి స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులకి వెళ్లొచ్చాను కాబట్టి, మందు సీసా మీద చీటీ దగ్గర్నుంచి గ్యాస్ వాళ్ల మెసేజీ దాకా నేను చదివి చెప్తే తప్ప ఉప్పాడలో మా వీధికి ఏదీ అర్థం కాదని నా నమ్మకం. మా క్లాసు మాస్టారు ఒక్కో మాటకి ఒక్కో అర్థం చెప్పి, బల్ల మీద చరిచి "అంతే!" అనేవారు. వెయిట్ అంటే ఆగడం. అంతే! (మా వీధి చివర చేపలమ్మే అత్తకి వెయిట్ అంటే తూకం. ఆవిడకీ అంతే.) ఒక మాటకి ఒకటే అర్థం ఉన్నన్నాళ్లూ లోకం ఎంత హాయిగా ఉండేదో తల్చుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

మా అన్నయ్యా వదినా జాందానీ చీరలు నేస్తారు. ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని, చెరో సగం పువ్వులు వేసుకుంటూ వస్తారు. మాటామాటా అనుకున్న రోజైనా పక్కపక్కనే కూర్చోక తప్పదు కాబట్టి వాళ్ల పోట్లాటలు మధ్యాహ్నం దాటేవి కావు. అప్పటిదాకా ఏ చీర నేసినా షావుకారుగారి కొట్టుకే వెళ్లేది. ఆ తర్వాత అది ఎవరు కట్టుకున్నారో, ఎక్కడ మెరిసిందో మాకు తెలిసేదే కాదు. అలాంటిది, పిఠాపురంలో ఏదో పెళ్లికి వచ్చిన బెంగళూరు ఆవిడ ఒకరు మా వీధి చూడ్డానికి వచ్చి, వదిన వేళ్లవైపు చూస్తూ చాలాసేపు అలాగే కూర్చుండిపోయారు. వెళ్లేముందు తన కూతురి పెళ్లికి ఒక చీర నెయ్యమని అడిగారు. మావిచిగురు రంగు తనే ఎంచుకున్నారు. కట్టుకోబోయేది ఎవరో తెలిసి మావాళ్లు నేస్తున్న మొదటి చీర అది. అన్నయ్యకి కాళ్లు నేలమీద నిలవలేదు (ఎలాగూ మగ్గం గుంటలోనే ఉంటాయనుకోండి).

చీర సగానికి వచ్చాక వదిన ఫొటో తీయించి నాచేత వాట్సాప్‌లో పంపించింది. జవాబు క్షణంలో వచ్చింది: "బ్యూటిఫుల్! ఐ కాంట్ వెయిట్ టు సీ ఇట్!" నేను గొంతు సవరించుకుని, "బావుందంట. కానీ ఆవిడ ఆగలేరంట," అని తెలుగులో ప్రకటించాను.

"ఆగలేకపోవడమేంటి? పెళ్లి గానీ ముందుకి జరిగిందా?" అన్నాడు అన్నయ్య కంగారుగా.

"అదేం రాయలేదు. కాంట్ అంటే లేను, వెయిట్ అంటే ఆగడం. చివర నిలువుగీత కూడా కొట్టారు చూడు, గట్టిగానే అన్నట్టు," అన్నాను.

అన్నయ్య వదినవైపు తిరిగాడు. "ఏమే, కుచ్చిళ్ల వైపు ఎలాగూ మడతల్లో పోద్ది కదా. అక్కడ పువ్వులు పల్చన చేసేద్దాం, తొందరగా అయిపోద్ది. లేపోతే ఈ చీర కూడా షావుకారు కొట్టుకే పోద్ది," అన్నాడు.

వదిన తలెత్తలేదు. "మడతలో ఉన్నా పువ్వు పువ్వేనండీ. ఆ పిల్ల కుచ్చిళ్లు పోసుకున్నప్పుడు చూసుకోదా? చిన్నమ్మాయ్, మర్యాదగానే రాయి. ఆగలేపోతే వేరేచోట చూసుకోమను," అంది. అనడమైతే అంది గానీ, అప్పటిదాకా నేసిందాన్ని ఓసారి అరచేత్తో నిమిరింది. ఆ చీర మీద మా అందరికన్నా ఎక్కువ ఆశ పెట్టుకున్నది తనే అని నాకు తెలుసు.

"రెస్పెక్టెడ్ మేడమ్, ఇఫ్ యు కెనాట్ వెయిట్, ప్లీజ్ గో టు అదర్ ప్లేస్. థాంకింగ్ యు," అని కొట్టి పంపాను. (థాంకింగ్ యు నా సొంత కవిత్వం.) రెండు టిక్కులూ నీలంగా మారాయి గానీ జవాబు లేదు. ఆ పూట అన్నయ్య అన్నం కెలికి లేచిపోయాడు. వదిన మాత్రం మళ్లీ మగ్గం ఎక్కి, కొనేవాళ్లు ఉన్నారో లేరో తెలియని చీరకి ఒక్క పువ్వు తగ్గకుండా నేసుకుంటూ పోయింది. అప్పుడు దాన్ని మొండితనం అనుకున్నాను. ఇప్పుడైతే దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

మర్నాడు పొద్దున్నే బెంగళూరు ఆవిడ దగ్గర్నుంచి ఫోను. స్పీకర్లో పెట్టాను. నేనేమైనా తప్పుగా అన్నానా అంటూ ఆవిడ దిగులుగా అడుగుతున్నారు. "మేడమ్, యు ఓన్లీ సెడ్ కాంట్ వెయిట్!" అన్నాను రోషంగా. అది విని ఆవిడ నవ్విన నవ్వుకి మా పక్కింటి మగ్గం కూడా ఆగింది. సంతోషం పట్టలేనప్పుడు అలా అంటారనీ, పెళ్లిలోగా ఎన్నాళ్లు పట్టినా ఫర్వాలేదనీ నిదానంగా చెప్పి, "ఐ విల్ వెయిట్," అన్నారు.

నేను మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక, అదంతా గొణుక్కుంటూ తెలుగులో అప్పజెప్పాను. అన్నయ్యకి కొత్త అనుమానం పుట్టింది. "ఆగలేనంటే ఆగుతానని అర్థమైతే, ఇప్పుడు ఆగుతానంటే వద్దని అర్థమేమోనే! సరిగ్గా అడుగు!"

వదిన పకపకా నవ్వింది. "మనం అనమేంటండీ? చిన్నమ్మాయి కాకినాడ నించి వచ్చే రోజున అత్తయ్యగారు ‘దాన్ని చూడకపోతే నా ప్రాణం పోద్ది’ అంటా గుమ్మంలో కూచుంటారా లేదా? పోద్దా? ఇంచక్కా ఎదురు చూస్తారు. ఇదీ అంతే." వేసవంతా ఫీజు కట్టి నేను నేర్చుకోనిది వదిన మా గుమ్మంలోనే పట్టేసింది. తన తెలివి అలాంటిది. దానికి బల్ల చరచడాలు ఉండవు.

చీర పూర్తయింది, బెంగళూరు చేరింది. పెళ్లికూతురు కుచ్చిళ్లు విప్పి పట్టుకుని, లోపలి పువ్వులు చూపిస్తున్న ఫొటో ఒకటి వచ్చింది. వదిన ఆ ఫొటోని వేళ్లతో పెద్దది చేసి, కుచ్చిళ్లలోని పువ్వులు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది.

ఇప్పుడు నేను రాజమండ్రిలో ఓ బడిలో ఇంగ్లీషే చెప్తున్నాను (దేవుడి లీలలు). వెయిట్ అనే మాట వస్తే బల్ల చరచను. సెలవులొస్తున్నాయంటే చాలు, వదిన దగ్గర్నుంచి వాయిస్ మెసేజీ వస్తుంది. వెనకాల మగ్గం చప్పుడు, ముందు తన గొంతు: "చిన్నమ్మాయ్, ఐ కాంట్ వెయిట్!" అది విన్నాక నాకు కాలు నిలవదు. దొరికిన బస్సెక్కి, ఆయాసపడుతూ గుమ్మంలోకి వెళ్లి "వదినా!" అని అరుస్తాను.

తలెత్తకుండానే అంటుంది: "ఆగమ్మా, ఈ పువ్వు అయిపోవస్తంది."

సంచీ దింపుకుని, నేను గుమ్మంలో కూర్చుంటాను.