రంగు కింది గీత

సైకిలు ఫ్రేమును ఒంటిచేత్తో ఎత్తేయవచ్చు. నేను ఎత్తిన ఒక ఫ్రేమును మాత్రం ఏళ్ల తరబడి దించలేకపోతున్నాను. అది ఇప్పుడు లేదు. ముక్కలు చేసింది నేనే. లేనిదానికి ఇంత బరువెందుకో మీరే చెప్పాలి. వద్దు, చెప్పకండి. వినండి చాలు.

నంద్యాలలో నాది సైకిళ్ల రిపేరు కొట్టు. వంగిన ఫ్రేములు సరిచేయడంలో నాకు పేరుంది. పేరంటే ట్యూబులో గాలి లాంటిది. కొట్టేది ఎవరో, ఉబ్బేది మనం. ఆ గాలి నాకు బాగానే పట్టింది.

జయరాజన్న ఆళ్లగడ్డలో బడిపంతులు. ఆదివారం ప్రార్థనలో హార్మోనియం ఆయనే వాయించేవాడు. ఒకరోజు వాళ్ల నాయన తొక్కిన పాత సైకిలును బస్సు మీద వేసుకుని నా కొట్టుకు తెచ్చాడు. ఆటో గుద్దిందట. హ్యాండిలు వెనక గొట్టాలు రెండూ వంగి, ముందు చక్రం తొక్కేవాడి కాలికి తగిలేంత వెనక్కి వచ్చింది. ఆళ్లగడ్డలో చూసినవాళ్లందరూ పాత ఇనుముకు వేసేయమన్నారట.

"వాళ్లకు చేతగాక అన్యారులేన్నా. మీ నాయన తొక్కినట్టే తొక్కుతావు సూడు" అన్నాను. నలుగురు వింటుండగా అన్నాను. అక్కడే పడింది ముడి.

పని బాగానే సాగింది. ముందు ఫోర్కు విప్పి, అది కూర్చునే ముందు గొట్టంలో పొడవాటి ఇనపకడ్డీ దూర్చి, కొద్దికొద్దిగా ముందుకు లాగాను. వెనక చక్రం బిగించే చోటు నుంచి ముందు గొట్టం చుట్టూ తిప్పి దారం కట్టి చూస్తే, రెండు పక్కలా సమానంగా వచ్చింది. దారం అబద్ధం చెప్పదు. అడగనిది కూడా చెప్పదు. కింది గొట్టం అతుకు దగ్గర రంగులో వెంట్రుకంత గీత కనిపించింది. గోటితో గీకాను. రంగు ఊడింది, గీత పోలేదు. అది ఇనుములో ఉంది.

అప్పుడే చెప్పొచ్చు కదా? అన్నా, ఇది పగిలింది, ఇంక పనికిరాదు అనడానికి ఎంతసేపు? కానీ ఆళ్లగడ్డ వాళ్లన్న మాటే నేనూ అంటే, నలుగురి ముందు అంత గాలి పోగేసుకున్న నేను ఏ మొహంతో కొట్టు తెరవాలి? ఇన్ని బండ్లు నిలిచాయి, ఇదీ నిలుస్తుందిలే అనుకున్నాను. గీత కనబడకుండా లప్పం పెట్టాను. నల్లరంగు పూశాను.

నాకు పని నేర్పిన ఉస్తాద్ పెట్టిన ఆనవాయితీ ఒకటుంది. వంపు తీసినవాడే, వెనక క్యారియర్ మీద ఒక మనిషిని ఎక్కించుకుని, ఆ బండిని మొదట తొక్కాలి. రాలితే చేసినోడి నోట్లో పండ్లే ముందు రాలాల అనేవాడు. నేను ఎన్నడూ తప్పలేదు. అన్న బండి కోసం వచ్చినరోజు తప్పాను. మోకాలు నొప్పి అన్నాను. నువ్వే తొక్కి చూడన్నా అన్నాను. మోకాలికి ఏ నొప్పీ లేదు. నా పండ్ల మీద నాకంత ప్రేమ. నిలుస్తుందని నిజంగా నమ్మితే, నేనెందుకు ఎక్కలేదు? తెలియక పొరపాటు చేసినవాడైతే ధైర్యంగా ఎక్కేవాడే.

మా సీమలో వాగును వంక అంటాం, సాకునూ వంక అంటాం. నేను మోకాలి వంక పెట్టాను. కొన్ని వారాలకు ఆయన ఆళ్లగడ్డ పక్కన వంక మీది వంతెన దిగుతూ పడ్డాడు. ఫ్రేము ఆ అతుకు దగ్గరే తెగింది. కుడిచేయి బండి కింద పడి నలిగింది.

చూడటానికి వెళ్లాను. చేతికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"ఏం భాయ్, మొగం అట్ల పెట్టినావ్? పడింది నువ్వా, నేనా?"

"ఎట్ల పడినావన్నా?"

"గుంత సూసుకోల్యా. తప్పు నాదే. మీ వదిన మాత్రం నిన్ను తిడతాంది, సాయిబు సరిగ్గా చెయ్యల్యా అని. నోరు మూసుకోమన్యా. ఆ చేతిలో పడిన బండి ఇరగదు, ఇరిగిందంటే తొక్కినోడిదే తప్పు అని చెప్పినా."

వదిన టీ గ్లాసు నా ముందు పెట్టింది. ఒకసారి నా మొహంలోకి చూసింది.

"ఆ ఫ్రేము నేను తీస్కపోతానన్నా" అన్నాను.

"మళ్లా అతుకుతావా ఏందప్పా!" అని నవ్వాడు. నవ్వితే చేయి కదిలి మూలిగాడు.

తెగినచోట ఇనుము రెండు రంగుల్లో ఉంది. సగం తెల్లగా మెరుస్తోంది. అది పడినరోజు తెగింది. మిగతా సగం నల్లగా, తుప్పుతో ఉంది. అది ముందునుంచీ పగిలి ఉన్నది. పని తెలిసినవాడు ఎవడు చూసినా ఇట్టే చెప్పేస్తాడు. అందుకే తెచ్చాను. రంపం బ్లేడుతో ఆ చోటును కోసేసి, ఆకురాయితో అరగదీశాను. లప్పం పెట్టినప్పుడు నా పేరు కోసం భయపడ్డాననే అనుకుందాం. మరి కోసినప్పుడు? మనిషి చేయి నలిగిందని తెలిసే కోశాను. నా జన్మలో అంత నున్నగా ఇంకే పనీ చేయలేదేమో.

అన్న వేళ్లు మళ్లీ సరిగా విచ్చుకోలేదు. హార్మోనియం ఇప్పుడు వేరొకరు వాయిస్తారు. ఆయన పక్కన నిలబడి పాడతాడు. ఆ ఇంట్లో నిజం పలికింది వదిన ఒక్కతే. నా కోసం అన్న ఆమె నోరు మూయించాడు. ఆయన మాత్రం ఇప్పటికీ నాకు బేరాలు పంపుతూనే ఉన్నాడు.

మొన్న అలాగే ఒకతను వచ్చాడు. వంగిన ఫ్రేము, అతుకు దగ్గర గీత. "ఇది పగిలిందప్పా, తొక్కగూడదు" అన్నాను. "జయరాజు సారు నీ చేతిలో పడితే ఇరగదన్యాడే!" అన్నాడు. అదే మాట, ఇన్నేళ్లకు, ఇంకొకరి నోట. అతన్ని పంపేసి కొట్టు ముందు బల్ల మీద కూలబడ్డాను.

అన్నకు చెప్పాలి. చెప్పలేదు. క్షమిస్తాడనే నా భయం. నవ్వేసి మళ్లీ బేరాలు పంపుతాడు. వదిన క్షమించదు. బహుశా ముందు ఆమెకే చెప్పాలి. చూశారా, ఇక్కడ కూడా వంకలే వెతుకుతున్నాను.

ఎవరైనా అడిగితే అందామని ఒక జవాబు సిద్ధం చేసి పెట్టుకున్నాను. రంగు కింద ఉన్నది ఎవరికి కనిపిస్తుంది అని. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. ఈరోజు ఆ జవాబును అవతల పారేస్తున్నాను.

గీత నేను చూశాను. గోటితో గీకి మరీ చూశాను.