తేనె సీసా మీద లేని బామ్మర్ది

గద్వాలలో మా నాన్న గోడల మీద బోర్డులు రాసేవాడు. నేను అదే కొట్లో కంప్యూటరు పెట్టుకుని లేబుళ్ళు, పెళ్ళిపత్రికలు, ఫ్లెక్సీలు చేస్తాను. నా పనికి ఎవరైనా వంక పెడితే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే పోయిన మే నెలలో, మన్ననూరు దగ్గర టీచరుగా పనిచేసే నా దోస్తు ప్రసాద్ ఫోన్ చేసి, "రఫీ, నువ్వు చేసిన తేనె లేబులుతోటి ఇక్కడ చెంచుల పెంటల పంచాయితీ అయిందిరా. బావా బామ్మర్దులకు మాటల్లేవు. ఈ ఏడు తేనెకే దిగలేదు" అన్నప్పుడు ముందు వాడి మీదే ఎగిరాను. లేబులు చూసి ఎవరైనా కొట్టుకుంటారా? తేల్చుకుందామని ఆదివారం బయల్దేరాను. నల్లమల చూడాలని ఈ దారిన వెళ్ళేవాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. పనికి రాకపోతే కనీసం నా కడుపుమంట చల్లారుతుంది.

లేబులు సంగతి ముందే చెప్పాలి. వనపర్తిలో తేనె అమ్మే ఒకాయన ఒక ఫోటో సీడీ తెచ్చిచ్చాడు. కొండచరియకు తాడు మీద వేలాడుతూ, చొక్కా వేసుకున్న ఒక చెంచు మనిషి. పైన మూలన ఒక చెట్టు, దానికి కట్టిన తాడు. "చొక్కా ఉంటే అడివి మనిషి అని ఎవడు నమ్ముతడు రఫీ భాయ్? తీసెయ్" అన్నాడు. తీసేశాను. తలలో రెండు ఈకలు పెట్టమన్నాడు, పెట్టాను. చెట్టు అడ్డంగా ఉందని నా అంతట నేనే కత్తిరించేశాను. కింద 'అడవి మనిషి తేనె' అని పెద్ద అక్షరాలు. బాగా కుదిరిందని ఆ రోజు నలుగురికి చూపించుకున్నాను కూడా.

పొద్దున అయిదున్నరకు గద్వాల బస్టాండులో ఎక్కాను. ఎర్రవల్లి అడ్డరోడ్డు, బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన, పెబ్బేరు మీదుగా వనపర్తికి గంటా ముప్పావు, టికెట్టు పాతిక రూపాయలు. వనపర్తిలో బస్సు మారే లోపు టీ తాగుతుంటే ఎదురుగా గోడకు నా బొమ్మే, మనిషెత్తు ఫ్లెక్సీ. మరొకప్పుడైతే ఛాతీ ఉబ్బేది. ఆ రోజు మాత్రం ఎందుకో తాడు దగ్గరే చూపు ఆగింది. తొమ్మిదికి నాగర్‌కర్నూలులో దిగి, బస్టాండు వెనక హోటల్లో ఇడ్లీ తిన్నాను. పల్లీ చట్నీ బాగుంటుంది, పదిన్నర దాటితే అయిపోతుంది. అక్కడి నుంచి అచ్చంపేట గంట ప్రయాణం. అచ్చంపేట నుంచి మన్ననూరుకు షేరు ఆటో, పదిహేను రూపాయలు.

నా భుజాన ఉన్న సంచి చూసి ఆటో డ్రైవరు అడిగాడు. "ఫోటోలకా సార్?"

"కాదు. ఎందుకట్ల అడిగినవ్?"

"వారంల రెండు జీపులొస్తయి. బాణం వట్టుకో, గిట్ల నిలవడు, నవ్వకు అంటరు. చెంచోళ్ళు నెమ్మదస్తులు గనుక ఊకుంటున్నరు. మా తండాకొచ్చి గట్ల అనుమను చూద్దం!"

మన్ననూరులో ప్రసాద్ మోటారుసైకిలు మీద సిద్ధంగా ఉన్నాడు. చెక్‌పోస్టులో పేర్లు రాసి, మట్టిదారిన అరగంట వెళితే పెంట. పెంట అంటే చెంచుల చిన్న ఊరు, ఇక్కడ పద్నాలుగు గుడిసెలు. పేరు మాత్రం రాయను. రాస్తే ఇంకో రెండు జీపులు పోతాయి.

నా లేబులు మీద ఉన్న మనిషి పేరు గురువయ్య. గుడిసె ముందు వెదురు చీలుస్తూ కూర్చున్నాడు, చొక్కా వేసుకునే ఉన్నాడు. ఆయన భార్య ఈదమ్మ, నేను వెంట తెచ్చిన ఆ లేబులు సీసా చూడగానే లేచి వచ్చింది.

"గీ బొమ్మ జేసింది నువ్వేనా సారూ?"

అవునన్నాను. తేల్చుకుందామని వచ్చినవాణ్ణి, సీసా సంచిలో పెట్టేసుకోబోయాను.

"మా ఇంటాయన అంగి యేడ వాయె? అచ్చంపేట అంగట్ల నేనే కొన్న. ఈకలు కోడికుంటయి గని మనిషికుంటయా? సరే, గవి పోనీ. గీ తాడు పైన ఎవలు వట్టిండ్రు? సగంల తెంపినవ్. తెగిన తాడుకు మనిషి యేలాడుతడా?"

అప్పుడు ప్రసాద్ అసలు సంగతి చెప్పాడు. తేనెకు కొండచరియ దిగేటప్పుడు పైన తాడు పట్టేవాడు ఎవడో ఒకడు కాదు. దిగినవాడి భార్యకు తోడబుట్టినవాడే పట్టాలి. అక్క పసుపుకుంకుమలు తన చేతిలో ఉన్నాయని తెలిసినవాడు ఏం జరిగినా చెయ్యి వదలడు. గురువయ్యకు తాడు పట్టేది ఈదమ్మ తమ్ముడు లింగయ్య. పెళ్ళైన ఏడాది నుంచీ ఆయనే. వ్యాపారి ఫోటోగ్రాఫరుతో వచ్చిన రోజు, "నువ్వు అడ్డమొస్తున్నవ్, పక్కకు జరుగు" అని లింగయ్యను లేపి, తాడు చెట్టుకు కట్టించారు. వద్దు బావా అని లింగయ్య అన్నాడట. గురువయ్య వినలేదు.

"దూరంనుంచొచ్చిండ్రు. కాదంటె ఏమనుకుంటరో అని జర సేపు దిగిన" అన్నాడు గురువయ్య, తల ఎత్తకుండా. "గప్పటిసంది నాతోని మాట్లాడుత లేడు. చెట్టునే నమ్మినవ్ గద, చెట్టుతోనే పో అన్నడు. సీసాలొచ్చినంక ఇంకింత కోపం జేసిండు."

తేనె అలాగే కొండకు వేలాడుతోంది. వానలు మొదలైతే ఆ ఏడాదికి ఇక లేనట్టే. పెంటలో వేరేవాళ్ళు తాడు పడతామన్నా ఈదమ్మ ఒప్పుకోలేదు. ఒప్పుకోనే ఒప్పుకోదు. నాకు సిగ్గూ కోపం కలిసి వచ్చాయి. ఫోటోలో నుంచి లింగయ్యను లేపింది వ్యాపారి. చివరికి ఆ చెట్టునూ మిగల్చకుండా, గురువయ్యను గాలికి వేలాడదీసింది నేను. ఒక్క ఫోన్ చేసి ఈయన ఎవరు, ఈ తాడు ఎక్కడిది అని అడిగానా? మా నాన్న టైలరు బోర్డు రాయాలన్నా ముందు కొట్టుకు వెళ్ళి మిషను చూసొచ్చేవాడు.

ప్రసాద్ వెళ్ళి లింగయ్యను పిలుచుకొచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. బావ వైపు చూడకుండా, దూరంగా బండ మీద కూర్చున్నాడు. క్షమించమని అడగడం నాకు చేతకాదు. సంచిలో నుంచి ఒక తెల్లకాగితం తీసి పెన్సిలుతో గీయడం మొదలుపెట్టాను. కింద చొక్కాతో గురువయ్య, పైన తాడు పట్టుకుని లింగయ్య. కాసేపటికి ఆయనే దగ్గరికొచ్చి వంగి చూశాడు.

"కాలు గట్ల పెట్టరు. మడిమె బండకు తన్ని పెట్టాలె. తాడు నడుము సుట్టు తిప్పాలె, ఉట్టి చేతులతోని కాదు."

చెరిపి మళ్ళీ గీశాను.

"వెనకకింత వంచకు సార్. గిట్ల గుంజితె మా బావ కిందవడ్తడు."

మా బావ! ఈదమ్మ చటుక్కున గుడిసెలోకి వెళ్ళిపోయింది. గురువయ్య చేతిలో వెదురు చీలడం ఆగింది. నేను మాత్రం ఉండబట్టలేక అడిగాను. "చెట్టు మనిషికంటే గట్టిదే కదా లింగన్నా?"

ఆయన మొదటిసారి నవ్వాడు. "గట్టిదే. గని చెట్టుకు అక్క ఉంటదా సార్?"

రెండున్నరకు బయల్దేరి, వచ్చిన దారినే ఆరూ ముప్పావుకు వనపర్తి చేరాను. వ్యాపారి కొట్లోనే ఉన్నాడు. కొత్త బొమ్మ ముందుపెట్టి జరిగిందంతా చెప్పాను. లేబులు మార్చాలి, పేరులో ఆ అడవి మనిషి మాట తీసేయాలి, అచ్చు వేసే ముందు వాళ్ళకు చూపించాలి అన్నాను. ఆయన బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇద్దరెందుకు భాయ్? మొఖం చిన్నగైతది. తాడే గద నీ పరేషాన్, చెట్టుకు కట్టినట్టు గియ్యి, అయిపాయె."

"చెట్టుకు అక్క ఉంటదా?" అన్నాను.

నాకు మతి పోయిందేమో అన్నట్టు చూశాడు. "తేనె కొనేటోనికి గవన్నీ ఎందుకయ్యా!" అన్నాడు. ఇక ఆ సీసా పని నేను చేయనని, నా దగ్గరున్న ఫైలు ఇవ్వనని చెప్పి కాగితం తీసుకుని బయటపడ్డాను. ఆ కోపంలో సంచి అక్కడే మరిచి, మళ్ళీ లోపలికి వెళ్ళి తెచ్చుకోవలసి వచ్చింది. చివరి బస్సుకు గద్వాల చేరాను.

ఇదంతా జరిగి రెండు నెలలు. ఆ తేనె ఇప్పటికీ అమ్ముడవుతోంది. వేరే కొట్టువాడు చేసిన కొత్త లేబులులో గురువయ్య చేతికి బాణం కూడా వచ్చింది. బట్టలు విప్పి, ఈకలు గుచ్చి, తోడు ఉన్నవాణ్ణి తీసేసి, దానికి అడవి అని పేరు పెట్టి అమ్ముతున్నారు. మొదటి పాపం నాదే కాబట్టి ఒప్పుకుంటున్నాను, కానీ ఒప్పుకున్నంత మాత్రాన నా కోపం తగ్గలేదు. ఒక్కటి మాత్రం జరిగింది. నేను తిరిగొచ్చిన నాలుగో రోజు ప్రసాద్ ఫోన్ చేశాడు. తెల్లవారకముందే బావా బామ్మర్దులు ఇద్దరూ కొండకు వెళ్ళారట, తాడు ఈదమ్మే మోసిందట.

వెళ్ళదలచినవాళ్ళకు ఒక్క సలహా. గద్వాల నుంచి అయిదున్నర బస్సు పట్టుకుంటే ఒక్కరోజులో వెళ్ళి రావచ్చు. అక్కడ ఎవరి బొమ్మ తీయాలన్నా ముందు అడగండి, సరేనంటేనే తీయండి. తీసేటప్పుడు మాత్రం పక్కనున్నవాణ్ణి జరగమనకండి. మీరు జరగమన్నవాడి చేతిలో ఎవరి ప్రాణం ఉందో మీకు తెలియదు.