మా అత్తమ్మ దిగనన్న లైట్‌హౌస్ దీవి

అబిడ్స్‌లోని మా గొడుగుల దుకాణంలో ఒక క్యాలెండర్ మీద లైట్‌హౌస్ బొమ్మ ఉండేది. అది చూసినప్పటి నుంచి మా అత్తమ్మది ఒకటే పాట: "చచ్చేలోపు ఒక్కపారి గసొంటిది ఎక్కి సముద్రం జూడాలె." పుట్టింది, మెట్టింది నాంపల్లిలోనే, సముద్రం మొహం ఎరగదు. వానలు మొదలైతే గిరాకీతో మాకు ఊపిరాడదు కాబట్టి, ఎండాకాలంలోనే ఇద్దరం బయల్దేరాం.

నాంపల్లిలో సాయంత్రం రైలెక్కితే తెల్లారేసరికి సామర్లకోటలో ఉంటారు. అక్కడి నుంచి ఆటోలో రేవుకు చేరి, వేడివేడి పెసరట్లు తిని, రానూపోనూ మూడు వేలకు పడవ మాట్లాడుకున్నాం. నడిపేది సత్తిబాబు. గంటన్నర ప్రయాణం. దీవి అంటే పెద్దగా ఊహించుకోకండి: తెల్లటి లైట్‌హౌస్, చుట్టూ ఇసుక, అంతే. పక్షులు గుడ్లు పెట్టే కాలంలో దిగకూడదని దీవి ఒడ్డున బోర్డు కూడా ఉంది; మేం వెళ్లింది సరిగ్గా ఆ కాలంలోనే.

సత్తిబాబుకు మా అత్తమ్మను చూసి జాలేసింది. "పెద్దావిడ ఇంత దూరం వచ్చేరు కదండీ. ఎవరూ చూడరు, పది నిమిషాలు దింపేత్తాను," అన్నాడు. అత్తమ్మ అప్పటికే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది.

పడవ ఒడ్డుకు దగ్గరవుతుంటే వందల పక్షులు ఒక్కసారిగా లేచి మా నెత్తిమీద అరుపులు మొదలుపెట్టాయి. అబ్బో, చెవులు దద్దరిల్లిపోయాయి!

"ఏందయ్యా, గిట్ల మొత్తుకుంటున్నయి?"

"గుడ్లు ఇసకలోనే ఉంటాయండి. మనం వెళ్లిపోయేదాకా అవి దిగవు. ఈలోపు గుడ్లు ఎండకి మాడతాయి."

"జర ఆపు బిడ్డా. తిప్పు పడవ."

నా ప్రాణం ఉసూరుమంది. "అత్తమ్మా, గింత దూరం వచ్చినం, ఒక్కపారి కాలు పెట్టి వద్దాం!"

"మొన్న మన షట్టర్ డబ్బాల పావురం గుడ్లు వెడితే ఏం జేసినం? పిల్లలు ఎగిరిపొయ్యేదాంక సగం షట్టరే ఎత్తినం. గిరాకీలందరు వంగుకుంట లోపలికి వచ్చిన్రు. గాడ గట్ల జేసి, గీడికొచ్చి గుడ్లు ఎండవెట్టాల్నా?"

పడవ తిప్పమని నేనే సత్తిబాబుకు సైగ చేశాను. పడవ వెనక్కి జరిగాక పక్షులు ఒక్కొక్కటీ ఇసుకలోకి దిగాయి. దూరం నుంచే ఆమె లైట్‌హౌస్‌ను కళ్లనిండా చూసుకుంది, తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంది. "దిగనన్నోళ్లని ఇదే మొదటిసారి చూత్తన్నానండి," అన్నాడు సత్తిబాబు.

దిగని దీవి గురించి ఇంత రాతేమిటని నవ్వుకోండి, పర్వాలేదు. ఎక్కినవాళ్లు బోలెడుమంది ఉంటారు. అంచుదాకా వెళ్లి, తన ఆశను తనే వెనక్కి తిప్పుకున్న మనిషికి నేను కోడలిని. ఆ మాట చెప్పుకోవడానికి నాకు ఎంత గర్వమో!

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. మంచి బైనాక్యులర్ పట్టుకెళ్లండి. పడవెక్కే ముందే "మేం దిగం" అని చెప్పేయండి. సత్తిబాబు మనసు మెత్తనివాడు, మీరు కాస్త మొహం చిన్నబుచ్చుకున్నా దింపేస్తాడు.