ఈశ్వరి చేతులు ఎందుకు వణికాయి

ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కోసే ఈశ్వరి పొద్దున్నే మందు కొట్టి వస్తోందన్న మాట పేటంతా పాకింది. అబద్ధం. పచ్చి అబద్ధం. ఆ మాట మోసినవాళ్లలో ఒక్కరైనా ఆమె ఎదుట నిలబడి అడిగిన పాపాన పోలేదు.

జరిగింది ఇది. మొన్న మార్గశిరంలో చేపలు కోసే ఆడవాళ్ల వరస వరసంతా దగ్గింది. ముక్కులు తుడుచుకుంటూనే వంజరం ముక్కలు కోసి పంపించారు. వారంలో అందరికీ తగ్గింది. ఈశ్వరికీ తగ్గింది. మూడు వారాల తరవాత ఆమెకి మెడ ముందువైపు నొప్పి పట్టుకుంది. గుటక వేస్తే ప్రాణం పోయేది. ఆ నొప్పి కుడి దవడ మీదుగా చెవిలోకి ఎక్కేది. సందు చివర పళ్లు పీకే ఆయన నోట్లోకి టార్చి కొట్టి చూసి, నిక్షేపంలాంటి దవడ పన్ను ఊడబెరికాడు. నాలుగు రోజులకి నొప్పి ఎడమ వైపుకి మారింది.

“అటుదీ తీసేద్దామమ్మా,” అన్నాడా మహానుభావుడు.

“ముప్పై రెండూ నీకే ఇచ్చెత్తాను, దండ గుచ్చుకో,” అని ఈశ్వరి కుర్చీలోంచి లేచి వచ్చేసింది.

ఆ తరవాత చేతులు వణకడం మొదలైంది. గ్లాసు పట్టుకుంటే టీ తొణికేది. గుండె దడదడలాడేది. చుట్టూ ఐసు పెట్టెలున్నా జాకెట్టు చెమటతో తడిసేది. కడుపునిండా తింటున్నా చీరకి రెండు కుచ్చిళ్లు ఎక్కువ పడుతున్నాయి. ఒకనాడు బేరానికి వచ్చినాయనకి ఈశ్వరి వంజరం కోస్తే ఒక ముక్క బొటనవేలంత లావు, ఇంకోటి కాగితమంత పల్చన వచ్చాయి. వేలు కూడా తెగింది.

పక్కన కూర్చునే చిట్టెమ్మ కిసుక్కున నవ్వింది. “మరేటి పిన్నీ, పొద్దున్నే సుక్క పడకపోతే సెయ్యి ఆగదు గదా!”

సాయంత్రానికల్లా ఆ వేళాకోళం వార్త అయి కూర్చుంది.

ఆ వరసకి పెద్ద గంగాలమ్మ. అక్కడొక కట్టుబాటుంది. తాగి కత్తి ముందు కూర్చున్న మనిషి పీటని పెద్దామె బోర్లిస్తుంది. మళ్లీ ఆమే తిప్పేదాకా ఆ మనిషి అక్కడ కూర్చోకూడదు. తిప్పకుండా నెల దాటితే ఆ చోటు ఇంకొకరిదైపోతుంది. ఈశ్వరికి ఆ చోటు అత్త చేతి మీదుగా వచ్చింది. ఇద్దరు పిల్లల్ని అక్కడ కూర్చునే పెంచింది. గంగాలమ్మ టీ కొట్టువాణ్ణి అడిగింది. బోటు దిగుతున్న ఈశ్వరి మొగుడు నాగబాబుని అడిగింది. “నాను సంద్రం మీదుంటాను, నాకేటి తెలుసు?” అన్నాడా వెర్రి మనిషి. అంతే, పీట బోర్లించేసింది. నెల నిండేదాకా కూడా ఆగకుండా, ఆ మర్నాడే చిట్టెమ్మ తన కత్తి తెచ్చి అక్కడ వేసుకుంది.

ఈశ్వరికి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆ మంటతోనే పెద్దాసుపత్రికి పోయి లైనులో నిలబడింది. డాక్టరమ్మ మెడ కింద వేలితో నొక్కగానే కెవ్వుమంది.

“ఈ మధ్య దగ్గు, జ్వరం ఏమైనా వచ్చాయా?” అని అడిగి, రక్త పరీక్షలు రాసి, కాగితాలు వచ్చాక కూర్చోబెట్టి చెప్పిందామె. “దగ్గు తెచ్చిన వైరస్ వెళ్లిపోయింది. దాని వెనకే నీ మెడలో థైరాయిడ్ గ్రంథి వాచింది. లోపల నిలవున్న హార్మోన్ అంతా ఒక్కసారి రక్తంలోకి వదిలేసింది. ఈ వణుకు, దడ, చెమట అందుకే. మందులతో తగ్గుతాయి. తరవాత కొన్నాళ్లు ఇది తిరగబడి నీరసం రావచ్చు, అందుకని మళ్లీ పరీక్షకి రావాలి. చాలామందికి కొన్ని నెలల్లో మామూలైపోతుంది.”

“మరి నా పన్నో?”

“పన్నుకి ఏ రోగమూ లేదమ్మా.”

మందులు పడ్డాక చెయ్యి కుదుటపడింది. పీట బోర్లించిన ఇరవై ఎనిమిదో రోజున ఈశ్వరి ఆసుపత్రి కాగితాలు పట్టుకుని వరస ముందుకొచ్చి నిలబడింది. చిట్టెమ్మ ఆమె చోట్లో కూర్చుని చందువలు కోస్తోంది.

“కాయితం తెచ్చినావా? కాయితంలో ఏటైనా రాయించొచ్చు,” అంది గంగాలమ్మ తల ఎత్తకుండానే.

“టీ కొట్టోణ్ణి అడిగినావు. నా మొగుణ్ణి అడిగినావు. నాకు నోరు నేదా అప్పా? నన్నడుగు!”

వరసలో కత్తులన్నీ ఆగాయి. గంగాలమ్మ అప్పుడు చూసింది ఆమె మొహంలోకి.

“సరే, అడుగుతన్నాను. నువ్వు తాగి కూసున్నావా?”

“నేదు. అదే దగ్గు నీకొచ్చింది, ఈ చిట్టెమ్మకొచ్చింది. మీకు పోయింది, నాకు పీకలో దిగింది. అంతే. ఇప్పుడు దీన్ని లెగమను.”

గంగాలమ్మ లేచి, బోర్లించిన ఈశ్వరి పీటని తన చేత్తోనే తిప్పింది.