జరీనా హుక్కులు

జరీనాకి జాకెట్టు గుడ్డ ఇచ్చేవాళ్లు పెళ్లి ముహూర్తాన్ని ఓ వారం ముందుకు జరిపి చెప్పాలి. నిజం చెప్పామో, అప్పగింతలు కూడా అయిపోయాక జాకెట్టు చేతికొస్తుంది. ఎప్పుడడిగినా "మంగళవారం అండీ" అంటుంది. ఏ మంగళవారమో చెప్పదు. వన్‌టౌన్‌లో ఆవిడ కొట్టు ముందు కూర్చుని మేమంతా ఏళ్ల తరబడి తిట్టుకుంటూనే ఉన్నాం, లేచి ఇంకో టైలరు దగ్గరికి మాత్రం పోము. జరీనా కుట్టిన హుక్కు ఊడదు మరి! జాకెట్టు చిరిగి మసిగుడ్డ అయ్యాక కూడా హుక్కు దాని మీదే ఉండి వేలికి గుచ్చుకుంటుంది.

మిగతా టైలర్లు హుక్కులూ కాజాలూ కుట్టే పని బయటికిచ్చేస్తారు. ఈవిడ ఇవ్వదు. ఆలస్యానికి అదే కారణమని ఆవిడ వాదన. మధ్యాహ్నం టీవీ సీరియలని నా వాదన.

భర్త అలీ పోయాక కుట్టు మిషను తొక్కే కొడుకు తౌసిఫ్‌ని పెంచింది. వాడు పగలు సెల్‌ఫోన్ల కొట్లో పని చేస్తాడు, సాయంత్రాలు పాటలు పాడతాడు. పక్కన గిటారు వాయించేది వాడి స్నేహితుడు చక్రి. బ్యాండుకి 'బందరు లాకులు' అని పేరు పెట్టుకున్నారు. వెనక ఏ కంపెనీ లేదు, పాటలు వాళ్లే రికార్డు చేసుకుని నెట్‌లో పెట్టుకుంటారు. స్టేజీ చొక్కాలు మాత్రం జరీనా కుట్టింది. మంగళగిరి గుడ్డ తీసుకుని, గుండీల బదులు జాకెట్టు హుక్కులు వేసింది. "ఆ గెంతులకి గుండీలు ఆగుతాయాండీ?" అంది.

మొన్న నేను నా జాకెట్టు కోసం వెళితే తౌసిఫ్ గుమ్మంలోనే ఆపాడు. వీడికి స్కూల్లో ఇంగ్లీషు చెప్పింది నేనే.

"టీచర్, బెంగళూరు మ్యాగజైన్‌వాళ్లు మా ఆల్బమ్ గురించి రాశారు. అమ్మీకి తెలుగులో చదివి చెప్పరా? ఉన్నదున్నట్టు చెప్పండి, ఏదీ దాటెయ్యొద్దు. నేను చెబుదామంటే నోరు రావట్లేదు."

ఫోన్లో చూశాను. పొగడ్తే, మామూలు పొగడ్త కాదు. మధ్యలో వాడికి నోరు రానివ్వని ఆ వాక్యం కూడా కనిపించింది.

"స్టేజీ మీద అంత నోరుందే, ఇక్కడేమైంది?" అన్నాను.

వాడు నవ్వలేదు. "అమ్మీ చక్రిని ఇంక ఇంటికి రావద్దంటే నేనేం చెయ్యాలి టీచర్?" అని వెళ్లి ఎండలో స్కూటరు మీద కూర్చున్నాడు.

లోపల జరీనా ఒళ్లో నా జాకెట్టే ఉంది. హుక్కులు పక్కన పెట్టుకుని కుట్టబోతోంది. పక్క కొట్లో లేసులమ్మే సుబ్బరత్నం టీ తాగుతూ కూర్చుంది. నేను చదవడం మొదలుపెట్టాను.

"వీళ్లది పవర్ పాప్ సంగీతం..."

"పవరా? అందుకేనా కరెంటు బిల్లు అట్టా వస్తోంది!" అంది జరీనా.

"వినండి ముందు. 'ఈ బ్యాండు బలమంతా హుక్కుల్లోనే ఉంది. ఒకసారి పట్టుకుంటే వదలవు. ఇంత గట్టి హుక్కులు ఈ మధ్య ఎక్కడా చూడలేదు.'"

జరీనా సూది ఆపింది. "మళ్లీ చదవండి."

మళ్లీ చదివాను.

"విన్నావా సుబ్బరత్నం? బెంగళూరోళ్లు! నా హుక్కులు!" ముఖం చాటంత అయింది. "రెండు పోగుల దారంతో కుడతానని రాశారా?"

నోరు మూసుకుంటే సరిపోయేది. టీచరు బుద్ధి కదా, ఊరుకోలేదు. పాటలో హుక్కంటే విన్నాక పదే పదే నోట్లో ఆడే ముక్క అని వివరించాను.

"అయితే నావి కాదా?" అంది. ఆ ముఖం చూస్తే నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది.

ఇక ఆ వాక్యం మిగిలింది. "'ఇది గే బ్యాండు. ఆ సంగతి వీళ్లు దాచుకోరు. తౌసిఫ్ రాసిన ప్రేమ పాటలన్నీ పక్కన గిటారు వాయించే చక్రి కోసమే. ప్రేమని ఇంత సంతోషంగా పాడినవాళ్లని విని చాలా కాలమైంది.'" గే అంటే ఏమిటో కూడా తెలుగులో చెప్పాను, అనుమానం మిగలకుండా.



సుబ్బరత్నం గ్లాసు కింద పెట్టింది. "ఇదెక్కడి చోద్యమమ్మా! హుక్కుకి కాజా ఉండాలిగానీ, హుక్కుకి హుక్కేంటి? ఎక్కడన్నా పడుద్దా?"

జరీనా పక్కనున్న హుక్కుల్లోంచి రెండు తీసింది. ఒక్కోదానికి దారం కట్టి, రెండిటినీ ఎదురెదురుగా పెట్టి ఒకదాని కొక్కెంలో ఇంకోదాన్ని తగిలించింది. దారాల కొసలు సుబ్బరత్నం చేతుల్లో పెట్టింది.

"లాగు."

సుబ్బరత్నం లాగింది. ఊడలేదు.

"ఇంకా గట్టిగా లాగు. లాగేకొద్దీ బిగుసుద్దే గానీ ఊడదు."

సుబ్బరత్నం దారాలు వదిలేసి, చల్లారిన టీ మళ్లీ చేతిలోకి తీసుకుంది.

జరీనా కళ్లు తుడుచుకుంటూ నావైపు తిరిగింది. "నాకు తెలీదనుకున్నాడాండీ? శుక్రవారం బిర్యానీలో లెగ్ పీసు చక్రి పళ్లెంలోకి పోతుంటే నేను చూడట్లేదా? కన్నతల్లికి ఒక్కనాడన్నా పెట్టాడా ఆ ముక్క! నాతో చెప్పడానికి బెంగళూరు దాకా పోయి రావాలా వీడు?" తర్వాత వీధి దద్దరిల్లేలా కేకేసింది. "ఒరేయ్ తౌసిఫ్! ఆ ఎండలో ఏం చేస్తున్నావురా? లోపలికి రా! చక్రిని కూడా రమ్మని ఫోన్ చెయ్యి. పోయినసారి ఆ పిల్లాడి చొక్కా చంకల్లో పట్టేసింది, కొలతలు తియ్యాలి!"

వాడు లోపలికొచ్చి తల్లి మెడ చుట్టూ చేతులేసి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. సుబ్బరత్నం ఇంకో టీ తెమ్మంది.

ఇంతకీ ఆ రెండు హుక్కులూ నా జాకెట్టువి. ఇప్పుడవి అలాగే ఒకదాన్నొకటి పట్టుకుని మిషను పైన మేకుకి వేలాడుతున్నాయి. కింది దారానికి బరువుగా ఓ గుండీ కట్టింది. నా జాకెట్టుకి వేరేవి ఎప్పుడు కుడతావంటే "మంగళవారం అండీ" అంది. అప్పటినుంచి ఆ రెండు హుక్కుల చోట పిన్నీసులు పెట్టుకుని తిరుగుతున్నాను. ఆ రెండూ తీసి కుట్టమని మాత్రం ఛస్తే అడగను.