పనిలో పనిగా ఒక గుడి

మా వైపు ఎవరైనా సరదాగా ఎక్కడికైనా పోదామనుకుంటే, ఆ ప్రయాణంలోకి ఒక దేవుణ్ణి దూర్చకుండా ఉండలేరు. ఊరికే పోయి ఊరికే వస్తే దండగ అని వాళ్ళ లెక్క. మదనపల్లెలో కాపురం పెట్టినప్పటి నుంచీ చూస్తున్నాను, నాకు ఈ తెలివితేటలంటే ఒళ్ళుమంట.

నా కూతురు సముద్రం చూడలేదు. ఇంటర్ పరీక్షలు అయిపోగానే చూపిస్తానని మాటిచ్చాను. పిల్ల తనే ఫోన్లో అంతా వెతికిపెట్టుకుంది. కుప్పం దాకా బస్సు, అక్కడ రైలెక్కి కాట్పాడిలో దిగడం, మళ్ళీ బస్సులో పుదుచ్చేరి. బీచికి నడిచిపోయేంత దూరంలో ఒక మామూలు రూము, ముగ్గురికీ కలిపి. మధ్యాహ్నాలు సాంబారన్నంతో సరిపెట్టుకుందాం అంది. ఇసుకలో వేసుకోవడానికి పాత చెప్పులు కడిగి మేడమీద ఆరబెట్టింది కూడా.

మా ఆయన ఈ సంగతి పుంగనూరులో ఉండే వాళ్ళన్న చెవిన వేశాడు. ఇంకేముంది, ఆదివారానికల్లా మా బావగారూ తోడికోడలూ మా హాల్లో ఉన్నారు. రైలూ బస్సూ ఎందుకు, రెండిళ్ళూ కలిసి ఒక బండి మాట్లాడుకుంటే చవగ్గా పోతుందన్నాడాయన. సరే, నలుగురితో పోతే పిల్లకూ బాగుంటుందనుకున్నాను. చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టకముందే దారిలోకి తిరువణ్ణామలై వచ్చేసింది. పనిలో పని, అరుణాచలేశ్వరుణ్ణి కూడా చూసుకుంటే ఒకే డీజిలుతో రెండూ అయిపోతాయన్నాడు. పుణ్యాన్ని కూడా షేర్ ఆటో ఎక్కించే మనిషి.

గుడి వచ్చిందంటే తర్వాత ఏమొస్తుందో మా ఇళ్ళల్లో ఆడవాళ్ళకు తెలుసు. మా తోడికోడలు గోడమీది క్యాలెండరు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తన నెలసరి తేదీ చెప్పింది, నాది అడిగింది, ఆ తర్వాత నా కూతురిది. మగవాళ్ళిద్దరూ పక్కనే కూర్చుని మురుకులు నములుతూ వింటున్నారు. పిల్ల తల ఎత్తలేదు. దాని తేదీ సరిగ్గా ప్రయాణం మీదే పడుతోందని తేల్చారు. అయితే వారం తర్వాత పోదామన్నాను. బావగారికి ఆ రెండు రోజులే వీలట.

"ఎనక్కి జరిపేదానికి మాత్ర ఉండాది కదమ్మా, యాల ఇంత ఆలోచన?" అన్నాడు.

బస్సు టైము మార్చుకున్నంత తేలిగ్గా మాట్లాడుతున్నాడు.

మరుసటి రోజు సాయంత్రం మా ఆయన ఆ మాత్రలు తెచ్చాడు. ఇన్నేళ్ళ కాపురంలో నాకు గానీ పిల్లకు గానీ మందుల షాపు నుంచి ఒక్కసారి ప్యాడ్లు తెచ్చిన మనిషి కాదు. అడిగితే సిగ్గట. అదే మనిషి ఈ మాత్రల్ని పైజేబులోంచి దర్జాగా తీసి, ప్రయాణానికి కొన్న వాంతుల మాత్రల పక్కన పెట్టి, ఏదో ఘనకార్యం చేసినట్టు ఫ్యాన్ కింద కూర్చున్నాడు. ఛీ అనిపించింది. ఆ రోజు ఆయనకు అన్నం వడ్డించడానికి కూడా నాకు చేతులు రాలేదు.

పిల్ల వేసుకోనంది. ఇంతకుముందు తిరుమలకని ఒకసారి వేసుకుని, తర్వాత పడిన అవస్థ దానికి బాగా గుర్తుంది.

"నేను గుళ్ళోకి రాను నాన్నా, బండిలోనే కూసుంటా. నాకు సముద్రం చాలు" అంది.

ముట్టుతో ఉన్న పిల్ల కూర్చున్న బండిలో దర్శనానికి ఎట్లా పోతామని మా తోడికోడలు ఫోన్లోనే ముక్కు విరిచింది. అంతటితో ఎవరి కోసం ఈ ప్రయాణం మొదలైందో ఆ పిల్లే మిగిలిపోయింది. దాన్ని వదిలి నేను పోనన్నాను. మా ఆయన మాత్రం పోయాడు. అన్నకు మాట ఇచ్చేశాడట. కూతురికి నేనిచ్చింది మాట కాదు కాబోలు.

రెండో రోజు మా తోడికోడలు వీడియో కాల్ చేసి అలలు చూపించింది. దర్శనం బాగా అయిందా అని అడిగాను.

"యాడమ్మా, జనం కిక్కిరిసి ఉండారు. బండిలోంచే గోపురానికి దండం పెట్టుకొని వచ్చేసినాము" అంది నవ్వుతూ.

వెనకాల మా బావగారు ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని ఇసుకలో కూర్చున్నాడు. ఆయన చేతి గ్లాసులో ఉన్నది మంచినీళ్ళు కాదని ఫోన్లోనే తెలుస్తోంది. నా పక్కనే కూర్చున్న పిల్ల ఆ మాటలన్నీ వింది. నేను ఫోన్ కట్ చేశాను.

ఇంటికొచ్చిన మా ఆయన సంచిలోంచి ఒక నీళ్ళ బాటిల్ తీశాడు. సముద్రం నీళ్ళు. అడుగున కొంచెం ఇసుక.

"నీకోసరమే పట్టుకొస్తిని పాపా. తలమీద సల్లుకో, మంచిది" అన్నాడు, తీర్థం తెచ్చినవాడిలా.

పిల్ల కూర్చున్న చోటు నుంచి లేవలేదు.

"నేనింకా తలకు పోసుకోలేదు నాన్నా. దాన్ని ముట్టుకోవచ్చా?" అంది.

మా ఆయన బాటిల్ పట్టుకుని నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూడలేదు.