అలిగిన తలుపు

అందరూ ‘అర్థాలాయన’ అని పిలిచే ఆ ముసలాయనకి ఉన్నది ఒకటే జబ్బు. లూట్ అనే పాతకాలపు తీగవాద్యం ఒళ్ళో పెట్టుకున్నాక, వాయించబోయే బాణీ పేరుకి అర్థం చెప్పందే తీగ ముట్టడు.

అవి యూరప్‌లో మూడువందల ఏళ్ళనాడు కట్టిన బరోక్ బాణీలు. పేర్లు చూస్తే మతిపోతుంది: ‘అత్తగారి ఎడమచెయ్యి’, ‘పిల్లి ఒప్పుకోలేదు’, ‘అలిగిన తలుపు’. ఎందుకు పెట్టారో ఆ పెట్టినవాళ్ళకే తెలియాలి. గోరంత బాణీకి కొండంత ఉపోద్ఘాతం.

ఆ ఒంటిగది స్టూడియోలో ఇదంతా భరించాల్సింది సౌండు ఇంజనీరు. ఇంట్లో కవలపిల్లలు, ఒకడు ఏడుపు ఆపితే ఇంకొకడు అందుకుంటాడు. ఆరునెలలుగా కంటిమీద కునుకు లేదు. ఒకసారి పనిలో తూగుతూ దొరికిపోతే ఓనరు చెప్పేశాడు, ఇంకోసారి నిద్రపోతే ఇక రోజూ ఇంట్లోనే నిద్రపోవచ్చని. అందుకే ముసలాయన “అసలీ తలుపు ఎందుకు అలిగిందంటే నాయనా...” అని ఎత్తుకోగానే ఇంజనీరు ప్రాణం ఉసూరుమనేది. ఆ గొంతు జోలపాటే. రికార్డింగు మిషను తిరుగుతూ ఉండగానే గడ్డం గుండెకి ఆనేది. “అదీ దాని అర్థం!” అన్న కేకకి ఉలిక్కిపడి లేచేవాడు. తను కళ్ళు మూసింది ఒక్క నిమిషమేనని, గడియారంలో కరిగిన ముప్పావుగంటా ముసలాయన వాగుడేనని విసుక్కునేవాడు.

వారంలో అవ్వాల్సిన రికార్డింగు మూడువారాలు పట్టింది. ఓనరు నిప్పులు చెరిగాడు. తప్పంతా తన నోటిదురదదేనని ముసలాయన ఒప్పేసుకున్నాడు. వచ్చే రికార్డు ఇంకొకరిచేత వాయింపిస్తానని ఓనరంటే దానికీ తలూపాడు. ఆ వాగుడంతా కత్తిరించే పని ఇంజనీరు నెత్తిన పడింది.

తిట్టుకుంటూనే హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ‘అలిగిన తలుపు’ మొదలైంది. రెండు ముక్కలు చెప్పి ముసలాయన ఆగాడు. తర్వాత మెల్లిగా, “పడుకున్నావా నాయనా?”

జవాబుగా గురక. తన గురకే. ఆపైన మాటల్లేవు. ఎక్కడో మధ్యలో తలుపు కిర్రుమంది, ఓనరు వచ్చినట్టున్నాడు. “అర్థం చెప్తున్నాను బాబూ, లోపలికి రాకండి” అని ముసలాయన గొంతు. మళ్ళీ గురక. చివరికి ఆ కేక. మిగతా బాణీలూ అంతే.

ఇంజనీరుకి సిగ్గూ నవ్వూ ఒకేసారి ముంచుకొచ్చాయి. ఉద్యోగం పోతే పోయిందని టేపు తీసుకెళ్ళి ఓనరుకి వినిపించాడు. ఓనరు చాలాసేపు విని, ఆ గురక కూడా కత్తిరించమన్నాడు. వచ్చే రికార్డు ముసలాయనదేనన్నాడు.

కొత్త రికార్డు మొదటిరోజు ఇంజనీరు పంతంపట్టి మేలుకున్నాడు. ముసలాయన మొదలుపెట్టాడు. రెండు ముక్కలయ్యాక ఓరగా చూశాడు. ఇంజనీరు కళ్ళు పత్తికాయల్లా తెరిచి ఉన్నాయి.

“ఊఁ, తర్వాత? అర్థమేంటి తాతగారూ?”

ముసలాయన కంగారుగా తీగ బిగించాడు.

“నాకేం తెలుసు నాయనా? నువ్వెప్పుడైనా అంతదాకా మేలుకున్నావా?”